పాడినంతసేపూ

మధ్యాహ్నం రెండింటికి కందుకూరు పామూరు రోడ్డు మీద
ఎండ తప్ప గిరాకీ లేదు.
తలకు తుండు చుట్టుకుని మాల్యాద్రి వచ్చాడు.
సంచిలోంచి, పాత పంచెముక్కలో చుట్టిన సీడీ తీశాడు,
నాటుకోడి గుడ్లు తెచ్చినంత భద్రంగా.
"ఇందులో నా పాట ఉందంట,
సెల్లులోకి ఎక్కించు."

ఆయన జన్మలో పాట పాడినవాడు కాదు.
ఇరవై ఆరేళ్లు పొగాకు వేలం పాడాడు.
బేళ్ల వరసల మధ్య నడుస్తూ
ముక్కులో ఘాటు, చేతిలో చీటీ,
కళ్లు కొనేవాళ్ల కనుబొమల మీద.
ఒకడు గడ్డం గోక్కుంటే రూపాయి పెరిగేది.
తర్వాత మిషన్లు వచ్చాయి.
మీట నొక్కితే ధర బోర్డు మీద వెలిగింది,
గొంతు ఇంటికి పోయింది,
పేరు మాత్రం ఇంకా వేలం పాటే.

కొత్తవాళ్లకు నేర్పడానికని ఎవరో ఎప్పుడో చేయించిన సీడీ.
ఆడించే ప్రోగ్రామూ దాంట్లోనే.
నలభై ఏడు నిమిషాలు.
వినిపిస్తుంది, ఇవ్వదు.
కాపీ అంటే కాదంటుంది,
సేవ్ అంటే ఆ మాటే ఎరగనట్టు చూస్తుంది.

సెల్లు తీసి స్పీకరు మూతికి ఆనించాను.
పట్టింది వినిపించాను:
ఫ్యాను రెక్కల కిర్రు, కనిగిరి బస్సు హారను,
పక్క హోటల్లో ఎవరో మజ్జిగ అడగటం,
అడుగున ఎక్కడో, బావిలో పడ్డ చెంబులా
మాల్యాద్రి.
"ఇది నేను కాదు, బజారు" అన్నాడు.

ఖాజావలి లేచాడు, మా కొట్లో జిరాక్సు తీసే పిల్లాడు.
మూలనున్న స్పీకరు బొమ్మ మీద మౌసు కుడి మీట నొక్కి
రికార్డింగు పేజీ తెరిచి,
ఖాళీ చోట మళ్లీ నొక్కి
మూసిపెట్టినవి కూడా చూపించమన్నాడు.
బూడిద రంగులో ఒక పేరు పైకి తేలింది,
స్టీరియో మిక్స్.
ఆరేళ్లుగా ఈ పెట్టె ముందు కూర్చుంటున్నా
దీనికో చెవి ఉందని నాకు తెలీదు.
గడప దాటకముందే శబ్దాన్ని
లోపలే వినే చెవి.

"స్పీకరు కట్టేసినా ఎక్కుద్దన్నా."
కట్టేశాం.
చప్పుడు లేకుండా పాట మొదలైంది.
తెర మీద పచ్చగీత ఒకటి, లేస్తూ పడుతూ.
ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు.
"ఇదేనా నేను? ఇంత పొట్టిగా ఉండానే."
గీత నిటారుగా లేచినచోట
"ఇవి దర్శి బేళ్లు. ఆకు బంగారం" అన్నాడు.
చాలాసేపు నేలబారుగా పాకినచోట
"వానకు తడిసిన సరుకు. ఒక్కడూ నోరు తెరవలా.
రైతు నా మొహం వంకే చూస్తా ఉన్నాడు."
అక్కణ్ణించి ఇంకేమీ చెప్పలేదు.

కాపీ అయితే ఆవలించే లోపల అయిపోయేది.
ఇది అట్టా కాదు.
పాడినంతసేపూ కూర్చోవాలి,
మధ్యలో దాటెయ్యకూడదు,
మౌసు ముట్టుకోకూడదు.
ముగ్గుర్ని వెనక్కి పంపాను,
నాలుగోవాడు తిట్టి పోయాడు.
ప్రింటర్లో కాగితాలు అయిపోయాయని
కంప్యూటరు ఒకసారి టింగుమంది.
అది పాటలో కలిసింది.
ఆయన దగ్గాడు, రెండుసార్లు, గట్టిగా.
అది కలవలేదు.

ఎక్కించి సెల్లు చేతికిచ్చాను.
"ఎంత?"
"నలభై."
గొంతు సవరించుకున్నాడు.
పొగాకు దుమ్ము తిని తిని
చిరిగిన గోనెలా మిగిలిన గొంతు.
"ముప్పై ఐదు... ఒకటోసారి."
ఖాజావలి జిరాక్సు ఆపాడు.
"ముప్పై ఐదు... రెండోసారి."
నా కనుబొమ కదిలిందేమో, నాకు తెలీదు.
అరచేత్తో బల్ల మీద ఒక్కటి కొట్టాడు.

ఆ దెబ్బ ఏ ఫైల్లోనూ లేదు.
రికార్డింగు అప్పటికే ఆపేశాం.
ఆపకపోయినా,
ఆ చెవికి మనం వినపడం.

చిల్లర కోసం సొరుగు వెతుకుతుంటే
గడపలో ఎవరో ఆధార్ కార్డు చాచి
రెండు కాపీలన్నారు.